గంజి మీద కోసిన పావడ

మూడు వేళ్ళు.

ఇందిరమ్మ కూతురి పాదాల దగ్గర కూర్చుని, పావడ అంచుకూ చీలమండకూ మధ్య తన వేళ్ళు అడ్డంగా పెట్టి కొలిచింది. ముందు కుడికాలి దగ్గర, తరవాత ఎడమకాలి దగ్గర. రెండు చోట్లా మూడు వేళ్ళే.

"నిన్న మడమల మీద పడుతూ ఉండె కదమ్మా," అంది విశాలాక్షి.

"నిన్న తడపలేదు. ఈ పొద్దు తడిపినాము."

దండెం మీద నుంచి ఇప్పుడే తీసిన పావడ ఎండ వాసన వేస్తోంది. నేరేడుపండు రంగు. పైన సన్నగా, కింద వెడల్పుగా కోసిన ఆరు ముక్కలు కలిపి కుట్టింది. ఒక్క కుట్టు కూడా పక్కకు తొలగలేదు. నిన్న సాయంత్రం పక్కింటి అవ్వ వచ్చి పట్టి చూసి, ఏ దర్జీ కుట్టినాడని అడిగింది. మా వదిన కుట్టిందని విశాలాక్షి చెప్పినప్పుడు అవ్వ నమ్మలేదు.

కుట్టిన వదిన సుబ్బలక్ష్మి ఇప్పుడు స్తంభం పక్కన నిలబడి ఉంది. ఏడవడం లేదు. పావడ అంచునే చూస్తోంది.

"కొత్త గుడ్డ తడపకుండా ఇంట్లో వాడొద్దని నేను చెప్పలేదా?" అంది ఇందిరమ్మ కోడలితో.

"చెప్పినారు అత్తా."

"చెప్తే ఏమన్నావు?"

"కుట్టినాక తడుపుతా అన్నాను."

"ఎందుకన్నావు?"

"గంజితో ఉంటే గుడ్డ కాగితం మాదిరి నిలబడుతుంది. కత్తెర చక్కగా పోతుంది. తడిపితే మెత్తబడి జారుతుందేమోనని…"

"అంటే నా మాట కన్నా కత్తెర మాట ఎక్కువైంది."

ఇందిరమ్మ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి వంటింట్లోకి పోయింది. ఆ తరవాత వంటింట్లో నుంచి గిన్నె చప్పుడు కూడా రాలేదు. అమ్మకు కోపం వస్తే గిన్నెలు మోగుతాయి. మోగలేదంటే కోపం కన్నా పెద్దదే వచ్చిందని విశాలాక్షికి తెలుసు.

ఆ ఇంట్లో కొత్త గుడ్డ ఏది వచ్చినా, ఒకసారి నీళ్ళలో ముంచి ఆరేసిన తరవాతే దేవుడి గది గడప దాటాలి. చీరలైనా, పంచెలైనా అంతే. ఇన్నేళ్ళూ ఎవరూ ఏమీ గమనించలేదు. ఎనిమిది గజాల చీర మూరెడు తగ్గినా కుచ్చిళ్ళలో కలిసిపోతుంది. ఆదోనిలో మూడు తరాలుగా పత్తి వ్యాపారం చేసిన ఇల్లు అది. విశాలాక్షి తండ్రి బాలకృష్ణయ్య చిటికెడు దూది తీసి రెండు వేళ్ళ మధ్య లాగి, అది ఏ ఊరి చేనులో పండిందో చెప్పగలడు. ఆ దూది దారమై, గుడ్డయి తిరిగి వచ్చిన తరవాత నీళ్ళు తగిలితే ఏం చేస్తుందో మాత్రం ఆ ఇంట్లో ఒక్కరికీ తెలియదు.

---

మధ్యాహ్నం బాలకృష్ణయ్య భోజనానికి వచ్చాడు. పీట మీద కూర్చోబోతూ కూతురి వైపు చూశాడు. విశాలాక్షి మోకాళ్ళు వంచి పావడ నేలకు తగిలేట్టు నిలబడింది.

"సరిగ్గా నిలబడు."

నిలబడింది.

ఆయన పీట మీద కూర్చున్నాడు. అన్నం కలుపుకున్నాడు. రెండు ముద్దలు తిన్నాక భార్యతో అన్నాడు.

"నేను చెప్పింది గుర్తుందా?"

"ఉంది," అంది ఇందిరమ్మ.

"ఏం చెప్పినాను?"

"మడమలు కనబడేటట్ల పిల్ల బజారులో నడిచి బడికి పోయేది లేదన్నారు. ఎదిగిన పిల్లకు మగ దర్జీ కొలతలు తీసేది లేదన్నారు. తినండి."

"ఈ రెంటికీ దారి చూపిస్తే బడిలో మూడో ఫారంలో చేరమన్నాను. దారి చూపించినారా?"

సోమవారం బడి తెరుస్తారు. ఈ రోజు శుక్రవారం. ఇంట్లో ఉన్న పాత పావడలన్నీ పిక్కల దాకా వచ్చాయి. దర్జీకి కొలత కోసం ఆది పంపిద్దామంటే పాత పావడే పంపాలి. ఆదిగా పాతది ఇస్తే పాత పొడవే కుట్టి ఇస్తాడు. యుద్ధం మొదలైన దగ్గర నుంచీ అంగళ్ళలో గుడ్డ కనబడటమే గగనమైంది. అన్న కాశీవిశ్వనాథం ఎమ్మిగనూరు నేతగాడు నీలకంఠాన్ని ఎంతో బతిమాలితే ఈ గుడ్డ దొరికింది. దాన్నే వదిన కోసింది.

తలుపు వెనక నుంచి సుబ్బలక్ష్మి గొంతు వినిపించింది. మామగారితో ఆమె ఎదురుగా మాట్లాడదు. మూడేళ్ళ కాపురంలో ఒక్కసారీ మాట్లాడలేదు.

"అత్తా, సోమవారం దాకా గడువు ఉంది కదా అని మామతో చెప్పండి."

ఇందిరమ్మ చెప్పలేదు. చారు గిన్నె ముందుకు జరిపింది. అందరికీ వినిపించిన మాటే కాబట్టి బాలకృష్ణయ్య భార్యతోనే జవాబు చెప్పాడు.

"గడువుంటే గుడ్డ ఉండాలి కదా. గుడ్డ యాడుంది?"

"ఎమ్మిగనూరు పోయి నీలకంఠం వాళ్ళను నేనే అడుగుతానని చెప్పండి అత్తా. మూరెడు దొరికినా చాలు, కింద పట్టీ వేస్తాను."

బాలకృష్ణయ్య మజ్జిగ పోసుకున్నాడు. తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాడు. కండువాతో తుడుచుకుంటూ, గోడతో అన్నట్టు అన్నాడు.

"కాశీ రేపు ఎట్లా ఎమ్మిగనూరు పోతాండాడు. పోతే పొమ్మను. పిల్లను కూడా తీసుకుపొమ్మను, మళ్ళీ కొలత తప్పినామని అనుకోకుండా. సోమవారం పొద్దున మాత్రం నేను చూస్తాను."

---

ఆ సాయంత్రం విశాలాక్షి వదిన గదిలోకి పోయింది. పెళ్ళిలో పుట్టింటివాళ్ళు ఇచ్చిన కుట్టు మిషను పక్కన, సుబ్బలక్ష్మి మంచం మీద పావడ పరిచి, దాని పక్కన కాగితం ఆది పరిచి, రెండింటినీ చూస్తూ కూర్చుంది.

ఆ కాగితాన్ని చూస్తే విశాలాక్షికి ఇప్పుడు కూడా నవ్వు వచ్చింది. పాత పత్రికల కాగితాలు అన్నం మెతుకులతో అతికించి వదిన దాన్ని తయారు చేసింది. కొలతలు టేపుతో తీసుకోలేదు. పురికొస దారం తీసుకుని, నడుముకొక ముడి, తుంటికొక ముడి, పొడవుకొక ముడి వేసింది. ఆ ముడుల ప్రకారం కాగితం కోసి, గుండుసూదులు దొరక్క తుమ్మముళ్ళతో గుచ్చి, కాగితం పావడ విశాలాక్షికి తొడిగి గది చుట్టూ నడిపించింది. యుద్ధం వార్తలన్నీ విశాలాక్షి నడుము చుట్టూ గరగరమన్నాయి. ఎక్కడ బిగుతుందో, ఎక్కడ వేలాడుతుందో చూసి బొగ్గుతో గీతలు పెట్టుకుంది. అంత చేసిన తరవాతే గుడ్డ మీద కత్తెర పెట్టింది.

"ఆది తప్పలేదు వదినా," అంది విశాలాక్షి.

"తప్పలేదు. మన కొలత సరిగ్గానే ఉంది. గుడ్డే దాని కొలత మార్చుకుంది." సుబ్బలక్ష్మి పావడ అంచు సన్నని మడత తిప్పి చూపించింది. "కుట్టేటప్పుడు లోపల ఇంకో నాలుగు వేళ్ళ మడత వదిలి ఉంటే ఇప్పుడు విప్పి దించి ఉండొచ్చు. అందంగా ఉండాలని కోసేసినాను. ఆ పొగరుకు ఇదీ ఫలితం."

"అమ్మ నీతో మాట్లాడటం లేదు."

"మాట్లాడకపోతే ఏమి. ఇందాక నా తలకు నూనె పెట్టింది. పట్టుకున్న జుట్టు పీకలేదు. అంటే ఇంకా కోడలినే."

---

యుద్ధంలో పెట్రోలు దొరక్క బొగ్గు గ్యాసుతో నడిచే ఎమ్మిగనూరు బస్సు వెనక బొగ్గు పొయ్యి ఉంది. అది అంటుకునేదాకా దిగి నిలబడాలి, అంటుకున్నాక ఎక్కి పొగ తాగాలి. దిగేసరికి కాశీవిశ్వనాథం తెల్ల చొక్కా బూడిద రంగుకు వచ్చింది.

నీలకంఠం ఇంట్లో మగ్గం గుంత గదిలో సగం ఆక్రమించింది. అతను మగ్గం వెనక కూర్చుని వేళ్ళకు బూడిద అద్దుకుంటూ దారాలు మెలిపెడుతున్నాడు. అతని భార్య హంపమ్మ గడప దగ్గర రాట్నం తిప్పుతూ కండెలకు దారం చుడుతోంది. సుబ్బలక్ష్మి కాగితంలో చుట్టిన పావడ విప్పి చూపించేసరికి రాట్నం ఆగింది.

హంపమ్మ పావడ పైన చూడలేదు. వెంటనే తిరగేసింది. లోపలి కుట్లన్నీ గోటితో గీకుతూ ఒక్కొక్కటీ చూసింది.

"ఎవురు కుట్టినారు ఇది?"

"మా వదిన," అంది విశాలాక్షి.

"పైన బాగుండేది ఎవురైనా కుడతారు. ఇది లోపల సూడు, పైకన్నా లోపలే బాగుంది. పోగు లేసింది ఒక్కటి లేదు." హంపమ్మ సుబ్బలక్ష్మి ముఖంలోకి చూసింది. "అయితే ఏమైంది శెట్టెమ్మా? ఇంత బాగా కుట్టి ఇట్ల మొగం పెట్టినావు."

"తడిపితే మూడు వేళ్ళు తగ్గింది."

"తగ్గకుండా యాడికి పోతాది. గంజి మీదనే కోసినారా?"

సుబ్బలక్ష్మి తల ఊపింది.

హంపమ్మ పగలబడి నవ్వింది. ఎగతాళి నవ్వు కాదు. నవ్వుతూనే సుబ్బలక్ష్మి మోచెయ్యి పట్టుకుంది.

"మగ్గం మీద దారాన్ని లాగి కట్టి, గంజి పెట్టి నిలబెడతాము. అది ఊపిరి బిగబట్టి ఉంటాది. నీళ్ళు తగిలినాక కదా ఊపిరి వదిలేది. మీ పత్తే కదమ్మా తిరిగి తిరిగి మా మగ్గం మీదికి వచ్చేది. దాని గుణం మీకు తెల్దా?"

"మా పని అమ్మేదాకానే అక్కా," అన్నాడు కాశీవిశ్వనాథం నసుగుతూ.

"అదే సూస్తాండా."

కాశీవిశ్వనాథం నీలకంఠం వైపు తిరిగాడు. "మూరెడు గుడ్డ కావాలన్నా. ఇదే రంగు. పిల్ల సోమవారం బడికి పోవాలి."

నీలకంఠం చేతిలో దారం వదల్లేదు. "నేరేడు రంగు అయిపోయింది. ఇప్పుడు మగ్గం మీదికి ఎక్కేది నేతగాళ్ళ సంఘం ఇచ్చే దారం. తూకం వేసి ఇస్తారు, తూకం వేసి గుడ్డ తీసుకుంటారు. మూరెడు పక్కకు తీస్తే రేపు నాకు దారం పుట్టదు. అడగొద్దప్పా."

"డబ్బులు…"

"అడగొద్దంటిని కదా."

రాట్నం తిరగలేదు. విశాలాక్షి తన పాత పావడ కింద కనబడుతున్న మడమలు చూసుకుంది. బడిలో తన చోటు, కిటికీ పక్క బెంచీ, దాని మీద ఎవరో పేరు చెక్కిన గీతలు కళ్ళ ముందుకు వచ్చాయి. ఈ ఏడు దాని మీద ఎవరు కూర్చుంటారో.

అన్న బయటికి పోదామని సైగ చేశాడు. వదిన కదల్లేదు.

ఆమె నీలకంఠం చేతుల్నే చూస్తోంది. అతను మగ్గంలో నిలువుగా మిగిలిన పాత పడుగు దారం కొస ఒకటి, కొత్త పడుగు కొస ఒకటి తీసుకుని బూడిద వేళ్ళతో మెలిపెట్టి కలుపుతున్నాడు. ఒకటి తరవాత ఒకటి. అట్లాంటి దారాలు వందలు. వదిన చూసే తీరు విశాలాక్షికి తెలుసు. అట్లా చూసేటప్పుడు ఒళ్ళో ఉన్న ఆమె వేళ్ళు కూడా ఎదుటివాళ్ళ వేళ్ళ వెంబడే కొంచెం కొంచెం కదులుతాయి.

"అన్నా," అంది సుబ్బలక్ష్మి. "కొత్త పడుగు ఎప్పుడూ వెనకనే అతుకుతారా?"

"మరి యాడ అతకాలమ్మా? ముందర అతికితే నేసిన గుడ్డలో కనబడుతుంది. వెనక అతికితే అతుకు మాకు తప్ప ఎవురికీ తెలవదు."

సుబ్బలక్ష్మి లేచింది. "విశాలా, ఇట్ల రా."

విశాలాక్షి వచ్చి నిలబడింది. సుబ్బలక్ష్మి ఆమె జాకెట్టు కింది అంచు పట్టుకుంది. ఆ జాకెట్టు ఆ రోజుల్లో బడికి పోయే పిల్లలందరి జాకెట్ల లాగే నడుము దాటి జానెడు కిందికి వేలాడుతోంది. నడుము దగ్గర నుంచి ఆ అంచు దాకా జాన పెట్టి కొలిచింది. మళ్ళీ కొలిచింది.

"కింద చేర్చాల, కింద చేర్చాల అని నిన్నటి నుంచీ తల పగలగొట్టుకుంటాండా," అంది మెల్లగా. "కింద ఎందుకు?"

అందరి కన్నా ముందు హంపమ్మకు అర్థమైంది.

"పైన," అంది.

"పైన. నడుం దగ్గర నాలుగు వేళ్ళ పట్టీ. పావడ మొత్తం కిందికి దిగుతుంది. పట్టీ జాకెట్టు లోపల ఉంటుంది. అది ఏ రంగైతే ఏమి, ఎవరు చూస్తారు?"

"అయితే మా గుడ్డ మీకు అక్కర్లే."

"అక్కర్లేదు అక్కా."

నీలకంఠం మొదటిసారి దారం వదిలి తలెత్తాడు. "ఊరికే వచ్చి ఊరికే పోతాండారా మీరు?"

"ఊరికే ఎట్ల పోనిస్తా," అంది హంపమ్మ. పావడకు చుట్టిన కాగితం ఆది తీసి వెలుతురుకు ఎత్తి చూసింది. "ఇది నాకు కావాల. మా పాపకు. మేము గుడ్డను కోసేది లేదు. ఉన్నది ఉన్నట్ల చుట్టూ కుచ్చు పెట్టి నాడా దూరుస్తాము, అది బస్తా మాదిరి ఉంటాది. నీది సూడు, నడుంకాడ సన్నంగా, కింద గంట మాదిరి."

సుబ్బలక్ష్మి నేల మీద కూర్చుని మరో కాగితం పరిచింది. హంపమ్మ కూతురి నడుముకు దారం చుట్టి ముడి వేసింది. పావు గంటలో సుబ్బలక్ష్మి ఆది కోసి హంపమ్మ చేతిలో పెట్టింది.

"కోసే ముందు గుడ్డ తడుపు అక్కా."

"ఆ మాట నువ్వు నాకు సెప్తాండావా?"

ఈసారి నీలకంఠం కూడా నవ్వాడు.

తిరుగు బస్సులో కాశీవిశ్వనాథం మొహం తుడుచుకుంటూ భార్య వైపు చూశాడు.

"గుడ్డ కోసం పోయి కాగితం ఇచ్చి వస్తాండాము. ఈ మాట ఇంట్లోనే తోచి ఉంటే నా చొక్కా అన్నా మిగిలేది."

"ఇంట్లో మగ్గం లేదు కదా," అంది సుబ్బలక్ష్మి.

---

ఆదివారం మధ్యాహ్నం సుబ్బలక్ష్మి పావడ నడుము కుట్లు విప్పింది. కత్తెర వాడలేదు. సూది మొనతో ఒక్కొక్క కుట్టూ ఎత్తి తీసింది. తరవాత పట్టీకి కాగితం ఆది కోసి, తుమ్మముళ్ళతో గుచ్చి విశాలాక్షికి తొడిగింది.

"బడిలో నేల మీద కూర్చుంటావా, బెంచీ మీదా?"

"బెంచీ మీద. ప్రార్థనప్పుడు నేల మీద."

"అట్లయితే నేల మీద కూర్చో."

విశాలాక్షి కూర్చుంది. తుంటి దగ్గర కాగితం బర్రున చిరిగింది. ఆమె భయపడి లేవబోయింది.

"చిరగనీ. కాగితం చిరిగితే మనకు మేలే. గుడ్డ చిరగకుండా చెప్తాంది." సుబ్బలక్ష్మి చిరిగిన చోట రెండు వేళ్ళు పెట్టి వెడల్పు చూసింది. బొగ్గుతో గీత పెట్టింది. మళ్ళీ కోసింది. మళ్ళీ కూర్చోమంది. మూడోసారి కాగితం చిరగలేదు.

విశాలాక్షి వదిననే చూస్తూ ఉంది. తప్పు చేసినవాళ్ళు తొందరపడతారు. తను లెక్క తప్పితే పలకంతా తుడిచేస్తుంది. వదిన తుడవలేదు. తప్పిన చోటునే పట్టుకుని, అది ఎందుకు తప్పిందో అడిగి, అక్కడి నుంచే మొదలుపెట్టింది. ఈ ఊళ్ళో ఇట్లాంటి మనిషి ఇంకొకరు ఉంటారా అనిపించింది ఆమెకు.

"పట్టీకి గుడ్డ ఏది వదినా?"

"నా లోపావడ ఉంది. కానీ అది కూడా నాలుగుసార్లే తడిసింది. ఇంకా తగ్గుతుందేమో."

గడపలో నీడ పడింది. ఇందిరమ్మ నిలబడి ఉంది. శుక్రవారం నుంచీ కోడలితో ఒక్క మాట మాట్లాడని ఇందిరమ్మ. ఎంతసేపటి నుంచి చూస్తోందో తెలియదు. ఆమె చేతిలో మడత పెట్టిన పంచె ఉంది. ఎన్నో ఏళ్ళు ఉతికీ ఉతికీ వెన్నలాగా మెత్తబడిన బాలకృష్ణయ్య పంచె.

"ఇది తీసుకో," అంది. "దీంట్లో ఇంక తగ్గేదేమీ లేదు."

సుబ్బలక్ష్మి లేచి రెండు చేతులా అందుకుంది.

"మామగారిది కదా అత్తా."

"ఆయన పంచె మీద నిలబడితేనే ఆయన కూతురు బడికి పోయేటట్ల ఉంది. పోనీ." ఇందిరమ్మ పోబోతూ ఆగింది. "ఈసారి కోసే ముందు నన్ను పిలువు. చూస్తా."

సుబ్బలక్ష్మి పిలిచింది. ఇందిరమ్మ వచ్చి కూర్చుని, కత్తెర పోయినంత సేపూ పంచె రెండు చెంగులూ బిగించి పట్టుకుంది. మిషను తిరిగినంత సేపూ కదల్లేదు. పట్టీ పావడకు అతుక్కున్న తరవాత చేత్తో తడిమి, ఏమీ అనకుండా లేచి పోయింది. వంటింట్లో గిన్నెలు మోగాయి.

---

సోమవారం పొద్దున బాలకృష్ణయ్య అరుగు మీద కూర్చున్నాడు. కాశీవిశ్వనాథం అంగడికి పోవడానికి చెప్పులు వేసుకున్నాడు. ఇందిరమ్మ గడపలో, ఆమె వెనక తలుపు చాటున సుబ్బలక్ష్మి.

విశాలాక్షి పుస్తకాల సంచి పట్టుకుని బయటికి వచ్చింది.

"మెట్లు దిగు," అన్నాడు తండ్రి.

దిగింది. ఆయన కింద కాళ్ళ వైపు చూశాడు.

"ఎక్కు."

ఎక్కింది.

"వేగంగా పోయి ఆ దీపస్తంభం తాకి రా."

వేగంగా పోయి వచ్చింది. పావడ అంచు మడమల మీద అటూ ఇటూ ఊగింది తప్ప పైకి లేవలేదు.

బాలకృష్ణయ్య ముందుకు వంగి అంచు చూశాడు. దూది చూసినంత శ్రద్ధగా చూశాడు. ఆరు ముక్కల కుట్లూ చూశాడు.

"అతుకు యాడుంది?" అన్నాడు భార్యతో.

"కనబడితే మీరే చెప్పండి."

ఆయన మళ్ళీ చూశాడు. చెప్పలేకపోయాడు. మీసాల కింద నవ్వు కదిలినట్టయింది. అప్పుడు ఆ ఇంట్లో మూడేళ్ళుగా జరగనిది జరిగింది. ఆయన భార్య వైపు కాకుండా తలుపు వైపు తిరిగాడు.

"అమ్మా, నీకు ఈ పని ఎవరు నేర్పినారు? మిషను ఇచ్చేటప్పుడు మీ నాయనే చెప్పినాడు, దీన్ని తిప్పేది మా ఇంట్లో ఎవరికీ రాదని."

జవాబు తలుపు వెనక నుంచే వచ్చింది.

"మిద్దె మీద పత్తి గది కిటికీలో నుంచి చూసి నేర్చుకున్నా మామా."

"కిటికీలో నుంచి ఏం కనబడుతుంది?"

"మదార్ సాబు అంగడి."

విశాలాక్షికి ఒక్కసారిగా ఎన్నో అర్థమయ్యాయి. వదిన మిరపకాయలు ఎండబెట్టడానికి మిద్దె ఎక్కితే గంట సేపు దిగకపోవడం. దిగి వచ్చి గోడ మీద బొగ్గుతో ఏవో గీతలు గీసి తుడిచెయ్యడం. దర్జీ మదార్ సాబు కూర్చుని కుట్టే వసారా సరిగ్గా ఆ కిటికీ కిందనే ఉంది. ఆయన సుద్ద గీతలు, కత్తెర పోయే తీరు, అంతా పైనుంచి పలక మీద రాసినట్టు కనబడుతుంది.

"ఎన్నాళ్ళుగా?" అన్నాడు బాలకృష్ణయ్య. ఆయన గొంతులో నవ్వు పోయింది.

"రెండేండ్లు."

"మా ఇంటి కోడలు రెండేండ్లుగా కిటికీలో నిలబడి బజారులో మగవాళ్ళను చూస్తాంది."

"చేతులను చూసినాను మామా. మనిషిని అడిగితే మొహం కూడా చెప్పలేను."

ఇందిరమ్మ కొడుకు వైపు చూసింది. కాశీవిశ్వనాథం చెప్పుల వైపు చూశాడు.

"కాశీ," అన్నాడు బాలకృష్ణయ్య. "ఈ పొద్దే వడ్రంగిని పిలిపించి ఆ కిటికీకి పలకలు కొట్టించు."

కాశీవిశ్వనాథం సరే అనలేదు, కాదు అనలేదు. అప్పుడు తలుపు చాటున ఉన్న సుబ్బలక్ష్మి ఒక అడుగు ముందుకు వేసి గడప దగ్గర అత్త పక్కన నిలబడింది. తల వంచుకునే ఉంది. గొంతు మాత్రం వణకలేదు.

"కొట్టించండి మామా. పావడ వరకూ నాకు వచ్చింది. జాకెట్టు చెయ్యి కోసేది ఇంకా సగమే చూసినాను. వచ్చే ఏటికి విశాలకు ఈ జాకెట్టు చాలదు. అప్పుడు కొలతలకు పిల్లను మదార్ సాబు దగ్గరికి పంపాలో, బడి మాన్పించాలో మీరే చెప్పండి. చెప్పినాక కొట్టించండి."

ఇందిరమ్మ కోడలి వైపు చూసింది, భర్త వైపు చూసింది, పక్కకు మాత్రం జరగలేదు. ఇద్దరూ ఒకే గడపలో నిలబడ్డారు.

బాలకృష్ణయ్య కండువా తీసి దులిపాడు. మళ్ళీ భుజం మీద వేసుకున్నాడు. దూరంగా బడి గంట మొదటిసారి మోగింది.

"నువ్వు పో," అన్నాడు విశాలాక్షితో. "ఆలస్యమవుతుంది."

కిటికీ సంగతి చెప్పలేదు.

విశాలాక్షి మెట్లు దిగింది. మడమల మీద కొత్త అంచు తగులుతోంది. సందు మలుపు దాకా వెనక్కి చూడకుండా నడిచి, మలుపు దగ్గర ఆగి తల ఎత్తింది. మిద్దె మీద పత్తి గది కిటికీ ఇంకా తెరిచే ఉంది. దాని కింద నుంచి అన్న తల వంచుకుని గబగబా నడిచి పోతున్నాడు. అంగడికి పోయే దారి అదే. వడ్రంగుల వీధికి పోయే దారీ అదే.